బ్లాస్టింగ్ వేళ బ్యాంకు

హైదరాబాద్
జూన్ మొదటి వారం

రుక్కూ,

నీకు ఉత్తరం రాస్తున్నానంటే నాకు మతి పోయిందనుకోకు. మా ఆఫీసు ఫోన్లన్నీ ఇప్పుడు రికార్డవుతున్నాయి. మనిద్దరం మాట్లాడుకుంటే అందులో ముప్పావు వంతు తిట్లే ఉంటాయి. రేపు ఎవరో విచారణాధికారి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని అవన్నీ వినడం నాకిష్టం లేదు. అందుకే కాగితం. చదివాక దాచుకుంటావో, పల్లీలు పొట్లం కట్టుకుంటావో నీ ఇష్టం.

విషయం నీకు తెలిసిందే. మన చెలిమి సహకార బ్యాంకు ఛైర్మన్ గారు జనం డబ్బును బావమరిది గ్రానైట్ క్వారీకి అప్పిచ్చారు. డబ్బు పోయింది, గుట్ట మిగిలింది. పైవాళ్లు బోర్డును రద్దు చేసి ఒక నిర్వాహకుణ్ణి కూర్చోబెట్టారు. సెప్టెంబరుకల్లా బ్యాంకు మొత్తాన్ని ఒక పెద్ద బ్యాంకుకు అప్పగిస్తారు. హెడ్డాఫీసులో ఉన్న పాపానికి నన్ను నిర్వాహకుడి బృందంలో వేశారు. అప్పగింత అయ్యేదాకా ఏ సేవా ఆగకుండా చూడటం నా పని. జీతాలు పడాలి, పింఛన్లు అందాలి, కౌంటర్లు తెరిచి ఉండాలి. ఆపరేషన్ బల్ల మీదున్న రోగి చేత చెక్కుల మీద సంతకాలు పెట్టించే ఉద్యోగం అన్నమాట.

గోదావరిఖనిలో పుట్టి పెరిగినదాన్ని కదా అని నీ శాఖ బాధ్యత కూడా నాకే ఇచ్చారు. దీనితోపాటు ఆఫీసు కవర్లో ఎనభై ప్రశ్నలు వస్తున్నాయి. ఏది ఆగితే మీ శాఖ ఆగిపోతుందో, ఎవరు లేకపోతే పని నడవదో అన్నీ రాయి. శాఖా మేనేజరువి నువ్వు. నీకు తెలియనిది ఎవరికీ తెలియదు. దేన్నీ దాచకు.

నీ
అనూహ్య


గోదావరిఖని
జూన్ నెల నడుమ

అనూ,

ఉత్తరం అందింది. పోస్టుమాన్ దాన్ని కౌంటర్ మీద పెట్టి, "మేడం, బ్యాంకు బంద్ నోటీసా గిది?" అని అందరికీ వినిపించేటట్టు అడిగాడు. నీ ప్రేమలేఖ పుణ్యమా అని ఆ పూట నలుగురు ఖాతాలు మూసుకుంటామని వచ్చారు. ఇకముందు కవరు మీద ఏదైనా పువ్వు గీసి పంపు.

ఎనభై ప్రశ్నలకూ జవాబులు విడిగా పంపాను. ఆఫీసు భాషలో రాశాను కాబట్టి అందులో నిజం కాస్త పలచగా ఉంటుంది. ఎవరు లేకపోతే శాఖ ఆగిపోతుందన్న చోట నా పేరు రాశాను. అది చూసి మా క్యాషియర్ జగదీశ్వర్ మూతి ముడిచాడు. సరేనని అతని పేరూ రాశాను. గార్డు ఆగయ్య, "నన్ను మరిచిండ్రు మేడం" అన్నాడు. ఇప్పుడు మా శాఖలో చీపురు తప్ప అందరం కీలకమే.

జనరేటర్ నడిపే తౌఫీఖ్ పొద్దున్నే వచ్చాడు. "అక్కా, పోయే బ్యాంకుకు ఉద్దెర డీజిల్ ఎట్ల పొయ్యాలె? ముందుగాల పైసలు చేతుల పెట్టు" అన్నాడు. రేపు ఏటీఎం వాడూ, నెట్ లైన్ వాడూ ఇదే పాట పాడతారు. మీ నిర్వాహకుడి చేత ఒక ఉత్తరం రాయించు. బ్యాంకు చేతులు మారినంత మాత్రాన ఒప్పందాలు తెగిపోవు, చేసిన పనికి బిల్లు ఆగదు అని. తౌఫీఖ్ కాగితాన్ని నమ్మడు కానీ రబ్బరు ముద్రను నమ్ముతాడు.

అసలు కష్టం పోశవ్వలాంటి వాళ్లతో. ఆమె భర్త బొగ్గు బాయిల పనిచేసి పోయాడు. నెల నెలా పింఛను తీసుకునేది మా దగ్గరే. నిన్న వచ్చి, "మా పైసలు ఉన్నయా బిడ్డా?" అంది.

"ఉన్నయి అవ్వా."

"ఏడున్నయి?"

"లోపల."

"సూపియ్యి."

తీసుకెళ్లి స్ట్రాంగ్‌రూమ్ తలుపు చూపించాను. దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. "సల్లగుంది" అని వెళ్లిపోయింది. ఆర్థిక స్థిరత్వం మీద ఇంతకంటే పొట్టి నివేదిక మీ హైదరాబాద్‌లో ఎవడైనా రాశాడా?

ఒక్కటి చెప్పు. అప్పగింత తర్వాత మా శాఖ ఉంటుందా? ఊళ్లో వేరే బ్యాంకులు లేవని కాదు. అక్కడ వీళ్లను మిషన్ దగ్గరికి పొమ్మంటారు. మిషన్ వేలిముద్ర పడలేదంటుంది. బొగ్గు మసి కడిగీ, బట్టలుతికీ అరిగిపోయిన వేళ్లు మరి. మా దగ్గరైతే కూర్చోబెట్టి, స్లిప్పు రాసి, చాయ్ తాగించి పంపుతాం. ఈ శాఖ పోతే వీళ్లు వీధిన పడతారు. నాకు వేరే భయం లేదు.

మిగతావన్నీ బాగానే ఉన్నాయి. మధ్యాహ్నం పూట ఏవో చిన్న సర్దుబాట్లు చేసుకుంటాం. అవి నీ ఫారంలో పట్టవు, వదిలెయ్.

రుక్సానా


హైదరాబాద్
జూన్ చివర

రుక్కూ,

ఈసారి కవరు మీద మందారం గీశాను. క్యాబేజీలా వచ్చింది, సర్దుకో.

ముద్ర కొట్టిన ఉత్తరాలు అందరికీ వెళ్లాయి. జనరేటర్లు, ఏటీఎంలు, నెట్ లైన్లు, ఆఖరికి మంచినీళ్ల క్యాన్ల వాళ్లకు కూడా. బ్యాంకు పరిస్థితి బాగాలేదన్న కారణంతో ఎవరూ పని మానకూడదు, చేసినవాళ్ల బిల్లుకు నిర్వాహకుడిది పూచీ. తౌఫీఖ్‌కు మాత్రం రెండు ముద్రలు కొట్టించాను.

ఇక నువ్వడిగిన మాట. పెద్ద బ్యాంకు వాళ్లకు మన శాఖలన్నీ అక్కర్లేదు. అప్పగింత దాకా ఏ శాఖలో సేవ ఒక్క పూట కూడా ఆగదో దాన్ని ఉంచుకుంటారు. ఆగినదాన్ని మూసి పక్క ఊరి శాఖలో కలిపేస్తారు. వాళ్ల తరఫున పవన్‌కుమార్ అని ఒకాయన చూస్తున్నాడు. నవ్వడు. నవ్వితే జీతంలో కోస్తారేమో తెలియదు. కాబట్టి రెండు నెలలు నీ శాఖ ఊపిరి బిగబట్టి నడవాలి.

నీకు పని తగ్గించే ఏర్పాటు ఒకటి చేశాను. పాత బోర్డు మనుషుల చేతుల్లో తాళాల నంబర్లు ఉండటం మంచిది కాదని అన్ని శాఖల స్ట్రాంగ్‌రూమ్ అలారాలనూ హైదరాబాద్ నుంచే నడిపేటట్టు మార్పించాను. ఇక నువ్వు వాటిని ముట్టుకోనక్కర్లేదు.

మధ్యాహ్నం సర్దుబాట్లంటే ఏమిటి, కునుకా? అదైతే రాయనులే.

అనూ


గోదావరిఖని
జులై, జీతాలు పడిన మర్నాడు

అనూ,

ముందు శుభవార్త. ఎవరూ చావలేదు.

నిన్న మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగింది. రోజూ మోగేదే. ఆ సైరన్ వినగానే నేను లేచి వెళ్లి స్ట్రాంగ్‌రూమ్ అలారం ఆపేస్తాను, ఎందుకంటే గోడ అదిరితే అది మోగుతుంది. అవతల పేలుస్తారు, కిటికీలు గలగలమంటాయి, గోడ మీది గాంధీ పటం పక్కకు వాలుతుంది. రెండో సైరన్ మోగాక అలారం మళ్లీ వేస్తాను, ఆగయ్య పటం సరిచేస్తాడు. ఏళ్ల తరబడి ఇదే మా మధ్యాహ్నపు సర్దుబాటు. నియమాల ప్రకారం ఇది పెద్ద తప్పు. అలారం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. నీకు చెబితే నువ్వు రాయాలి, రాస్తే నా ఉద్యోగం పోతుంది. అందుకే చెప్పలేదు. నువ్వు హైదరాబాద్‌కు మార్చానన్నాక కూడా అది మా ఊరిదాకా ఎప్పటికో వస్తుందిలే అనుకున్నాను. మన బ్యాంకులో ఏది మాత్రం చెప్పిన రోజుకు వచ్చింది?

నిన్న వచ్చింది. నంబర్లు నొక్కితే డబ్బా "అనుమతి లేదు" అంది. హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. మీ కాల్ మాకెంతో ముఖ్యం అని ఒకమ్మాయి చెప్పి, వీణ పెట్టింది. వీణ నడుస్తుండగా భూమి అదిరింది.

అలారం వీధి చివరిదాకా వినిపించింది. స్ట్రాంగ్‌రూమ్ తాళం తనంతట తనే బిగుసుకుపోయింది, మర్నాడు పొద్దున దాకా ఇక తెరుచుకోదు. జీతాల రోజు. మొదటి షిఫ్టు దిగినవాళ్లు, పింఛను అవ్వలు, అందరూ లైన్లో ఉన్నారు. పొద్దున బయటికి తీసిన నగదు అడుగంటింది. బయట ఒకడు, "బ్యాంకును దోస్తున్నరు" అన్నాడు. ఇంకొకడు, "రుక్సానా మేడం పైసలు వట్టుకొని దుబాయ్ వోయింది" అన్నాడు. నేను కుర్చీ ఎక్కి, "దుబాయ్ వోయినదాన్ని ఈ చెమటల ఎందుకుంట? ఈడనే ఉన్న" అని అరవాల్సి వచ్చింది. పోలీసు జీపు వచ్చింది. ఎస్సై గారు దొంగలు ఎక్కడని అడిగారు. హైదరాబాద్‌లో అన్నాను.

జగదీశ్వర్ నా చెవిలో, "ఇంకొక పదిమందికి ఇస్త మేడం, ఆ తర్వాత నా అంగీ గుంజుకోవాలె" అన్నాడు. కౌంటర్ మూస్తే అయిపోయిందని నాకు తెలుసు. ఆ పూటకు కాదు, ఎప్పటికీ.

అప్పుడు టైర్ల దుకాణం కుతుబుద్దీన్ కాక వచ్చాడు. రోజూ ఆ వేళకు సంచి పట్టుకుని డబ్బు కట్టడానికి వస్తాడు. గుమ్మంలో ఆగి, లోపల జనాన్ని చూశాడు, మోగుతున్న అలారాన్ని చూశాడు. సంచి చంక కిందికి దోపుకున్నాడు. జనమంతా ఆయన వంకే చూస్తున్నారు. ఆయన వెనక్కి తిరిగితే వెనకాల వచ్చే ఏ దుకాణదారూ లోపలికి రాడు.

"ఏందమ్మా, తాళం వడ్డదా?" అన్నాడు.

"వడ్డది కాకా. రేపు పొద్దుగాల తెరుసుకుంటది."

"నా పైసలు లోపలనేనా?"

"లోపలనే."

"అయితే ఇవి గుడ తీస్కో. గా లోపలున్నయి ఒక్కయే బుగులు పడుతయి, వీటిని తోడు పంపుత" అని సంచి కౌంటర్ మీద బోర్లించాడు.

అనూ, నాకు ఆయన కాళ్లు మొక్కాలనిపించింది. ఆయన్ని చూసి కిరాణా వాళ్లు వచ్చారు, మందుల షాపు వాళ్లు వచ్చారు. జగదీశ్వర్ ఒక చేత్తో తీసుకోవడం, ఇంకో చేత్తో ఇవ్వడం. చీకటి పడేసరికి లైన్లో ఉన్న ప్రతి మనిషికీ డబ్బు అందింది. కౌంటర్ ఒక్క క్షణం ఆగలేదు.

ఇప్పుడు నిన్ను తిట్టాలి. నువ్వు ఈ ఊళ్లో పుట్టావు. బ్లాస్టింగ్ సైరన్ వినగానే మీ అమ్మ కమలకుమారి గారు అలమర మీది ఆవకాయ జాడీని కిందికి దించేవారు. మీ ఇంట్లో అన్నం తింటూ ఆ జాడీని ఎంగిలి చేత్తో పట్టుకున్నానని నేను ఎన్నిసార్లు తిట్లు తిన్నానో. ఎవరో బయటివాళ్లు అలారం మీట మారిస్తే తెలియక చేశారనుకుంటాను. నువ్వెట్లా మరిచిపోయావు?

రుక్సానా


హైదరాబాద్
జులై నెల నడుమ

రుక్కూ,

జాడీ సంగతి చదివాక ఆ రోజు ఇంకే పనీ చేయలేకపోయాను. మరిచిపోయాను. సాకు లేదు. మ్యాపులో మీ శాఖను ఒక చుక్కగా చూశాను, చుక్క అదురుతుందని తోచలేదు.

ఇప్పుడు నవ్వులాట పక్కన పెడతాను. నేను కలం పట్టేలోపే అలారం యంత్రం తనంతట తానే "సేవ ఆగింది" అని పెద్ద బ్యాంకుకు కబురు పంపేసింది. పవన్‌కుమార్ మీ శాఖను మూసేవాటిలో చేర్చాడు. శాఖను అడక్కుండా అలారం మార్చింది నేనేనని రాసిచ్చాను. కౌంటర్ ఆగలేదని రుజువులతో చూపించాను. ఆయన అంతా చదివి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "అక్కడ రోజూ పేలుస్తారంటున్నారు. మరి ఇన్నేళ్లూ అలారం ఎందుకు మోగలేదు?"

దానికి ఉన్నది ఒకటే జవాబు. అది చెబితే తప్పు శాఖది కాదు, ఊరి నేలది అని తేలుతుంది. దానికో పద్ధతి పెట్టుకుని శాఖను ఉంచుతారు. కానీ రోజూ అలారం ఆపిన మేనేజరును వదలరు. చెప్పకపోతే శాఖ మూతపడుతుంది, నీ మీద మచ్చ ఉండదు, నీకు ఇంకెక్కడో మేనేజరు కుర్చీ దొరుకుతుంది.

ప్రశ్న అర్థం కాలేదన్నట్టు మొహం పెట్టి వారం గడువు తీసుకున్నాను. మొహం అట్లా పెట్టడం నాకు కష్టం కాలేదు. నువ్వు రాయమనేదాకా నీ పేరు రాయను. మూసేయనీ అంటే అదీ సరే. నిన్ను ఒక్క మాట అనను.

అనూ


గోదావరిఖని
జులై

అనూ,

రాయి.

నా వాంగ్మూలం ఇందులోనే పెట్టాను, సంతకంతో సహా. జగదీశ్వర్‌కూ, ఆగయ్యకూ ఈ సంగతి తెలియదని రాశాను. అది అబద్ధం. ఆ ఒక్కటీ ఉండనీ.

శాఖ పోతే నాకు ఎక్కడో ఒక కుర్చీ దొరుకుతుందన్నావు. పోశవ్వకు ఎక్కడ దొరుకుతుంది? నన్ను పెద్ద త్యాగమూర్తిని చేసి ఏడవకు. రాత్రంతా నిన్నూ, నిన్ను కన్న ఆ జాడీ ఇంటినీ తిట్టుకున్నాకే ఈ నిర్ణయానికి వచ్చాను.

రుక్సానా


గోదావరిఖని
అక్టోబరు

రుక్కూ,

పైన ఊరి పేరు చూసి కళ్లు నులుముకోకు. నీ కుర్చీలోంచే రాస్తున్నాను. శాఖ గురించి అంత తెలిసినదానివి నువ్వే పోయి నడుపు అని పవన్‌కుమార్ నన్ను ఇక్కడికి తోశాడు. ఆయన నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను. నీ కుర్చీ ఎడమ చక్రం పనిచేయదని నాకెందుకు చెప్పలేదు? మొదటి రోజే ఆగయ్య ముందు వెల్లకిలా పడ్డాను.

గుమ్మం మీద పెద్ద బ్యాంకు పేరుతో కొత్త బోర్డు పెట్టారు. దాంతోపాటు ఒక సర్క్యులర్ కూడా వచ్చింది. గనుల ప్రాంతపు శాఖల్లో బ్లాస్టింగ్ వేళ మేనేజరు అలారం ఆపి, రెండో సైరన్ తర్వాత మళ్లీ వేయాలట. నువ్వు చేసిందే, అక్షరం తేడా లేదు. నీకు ఇంక్రిమెంట్ కోసి, నస్పూర్ శాఖలో పాసుబుక్కులు అచ్చేసే మిషన్ దగ్గర కూర్చోబెట్టిన అదే చేత్తో దాన్ని రాశారు. చదివి నాకు ఒళ్లు మండింది. అయినా రోజూ సైరన్ మోగగానే లేచి వెళ్లి మీట నొక్కుతున్నాను.

ఇంకో షరతు ఉంది. ఏడాదిపాటు ఇక్కడి ఖాతాలు తగ్గకూడదు. తగ్గితే మళ్లీ మూసే మాట తెస్తారు.

పోశవ్వ మొదటి రోజే వచ్చి నన్ను కిందినుంచి పైకి చూసింది.

"ఆ బిడ్డ ఏది?" అంది.

"నస్పూర్ బ్యాంకుల ఉన్నది అవ్వా. మీ పైసలు భద్రం, ఏం ఫికర్ లేదు" అన్నాను.

"పైసల సంగతి నిన్ను ఎవరడిగిండ్రు?" అంది.

సేవలన్నీ ఒక్కటి కూడా ఆగకుండా అప్పగించానని నాకు మెచ్చుకోలు కాగితం ఇచ్చారు రుక్కూ. పోశవ్వ వెళ్లాక దాన్ని సొరుగు అడుక్కి తోసేశాను. ఈ వారం అవ్వలెవరూ కనిపించడం లేదు. ఎక్కడికి పోయారో జగదీశ్వర్‌కూ తెలియదట.

అనూ


నస్పూర్
అక్టోబరు చివర

అనూ,

నీ అవ్వలు దొరికారు.

నిన్న పొద్దున మా బ్యాంకు ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి ఒకరి తర్వాత ఒకరు దిగుతూనే ఉన్నారు. ఆ ఆటోలో అంతమంది ఎట్లా పట్టారో ఆ డ్రైవర్‌కే తెలియాలి. ముందు పోశవ్వ, చేతిలో పాసుబుక్కుల కట్ట. మా మేనేజరు కుర్రాడు కొత్త ఖాతాలొచ్చాయని మురిసిపోయి చాయ్ తెప్పించాడు.

"మా బుక్కులన్ని ఈడికి మార్చు బిడ్డా" అంది పోశవ్వ.

"వద్దవ్వా. మీరంత ఈడికొస్తే ఆడ బ్యాంకు మూస్తరు."

"మూస్తే మూయనీ. నువ్వు ఈడున్నవు గద."

"రేపు నన్ను ఇంకో ఊరికి పంపుతరు. ఆడికి గుడ వస్తవా?"

ఆమె నిజంగానే ఆలోచించింది. "ఆటోకు ఎంత తీస్కుంటడు?" అంది.

నవ్వు ఆపుకోలేకపోయాను. తర్వాత ఆ కట్టను తీసి ఆమె చేతిలోనే పెట్టాను. "కొత్త మేడం మన ఊరి పిల్లనే. జర మతిమరుపు మనిషి, మీరే యాది చెయ్యాలె" అని చెప్పాను. వాళ్లు లేచి నిలబడ్డారు కానీ కదల్లేదు. కదలండి, ఇంకోసారి బుక్కులు తెస్తే మాట్లాడను అని కసిరాను. వాళ్ల కోసమే అంతా చేసి, వాళ్లను నా చేత్తోనే బయటికి తోశాను అనూ. ఆటో పోయాక పాసుబుక్కుల మిషన్ వెనకాల నిలబడి బాగా ఏడ్చాను. మేనేజరు కుర్రాడు, పోయిన ఖాతాల కోసమనుకుని నన్ను ఓదార్చాడు.

ఖాతాలన్నీ నీ దగ్గరే ఉంటాయి, భయపడకు. పోశవ్వ ఒక్కతే ఒక షరతు పెట్టి వెళ్లింది. నెల నెలా పింఛను నీ దగ్గరే తీసుకుంటుందట. నువ్వు సరిగ్గా ఇచ్చావో లేదో నాతో లెక్కపెట్టించుకోవడానికి అదే ఆటోలో నేరుగా ఇక్కడికి వస్తుందట.

రుక్సానా